సూరప్ప నిలబెట్టిన నీరు

పెద్ద వరద వచ్చిన మూడో ఏడు, సూరప్పకు ఫిట్సు వచ్చినప్పుడల్లా పెదలంక కాలవలో నీరు నిలబడిపోవడం మొదలైంది.

సూరప్ప లాకుల దగ్గర లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం అతని పని. ఆ తలుపులు వరదలో కొట్టుకుపోయాయి. అయినా రోజూ వచ్చి సంతకం పెట్టేవాడు. ఫిట్సూ అక్కడే వచ్చేవి. ఒకసారి వస్తే సాయంత్రం దాకా నీరు గోడలా ఆగేది.

డాక్టరమ్మ పరీక్ష చేసి కారణం రాసిచ్చింది. మెదడులో ప్రతి కణంలోనూ ఒక పుస్తకం ఉంటుంది. ఏ హార్మోను కావాలంటే ఆ పేజీకి నకళ్లు తీస్తారు. ఒంట్లో నీరు పోకుండా ఆపే హార్మోనుకూ ఒక పేజీ ఉంది. మామూలుగా నాలుగు నకళ్లు చాలు. ఫిట్సు వస్తే నాలుగొందలు. ఒంటికి సరిపోగా మిగిలినవి కాలవకు చేరుతున్నాయి.

లాకుల ఆఫీసు సూపర్నెంటు గారి ఆనందానికి అంతులేదు. కొత్త తలుపుల ప్రతిపాదన రద్దయింది. సూరప్ప పేరు లస్కర్ల పట్టీలోంచి తీసి తలుపుల పట్టీలో చేర్చారు. తలుపులకు సెలవులుండవు. ఏడాదికోసారి రంగు వేస్తారు. సూరప్పకు మార్చిలో వేశారు.

ఇంకో పెద్ద ఫిట్సు వస్తే మనిషి దక్కడని డాక్టరమ్మ అతని భార్య వరాలమ్మతో చెప్పి మాత్రలిచ్చింది. తలుపులు మాత్రలు వేసుకోకూడదని ఆఫీసు నోటీసు అంటించింది.

శ్రావణంలో ఎగువ నుంచి వరద బయల్దేరింది. ఊరంతా గట్టు మీదికి ఉరికింది. డప్పులు, ఈలలు.

"వచ్చేత్తంది! అదిగో నురగ!"

"ఏం సూరప్పా, ఇంకా రాలేదా?" అన్నారు సూపర్నెంటు.

"లేదండయ్యా."

"రాత్రి పడుకున్నావా?"

"పడుకున్నానండి."

"అదే తప్పు. నిద్ర మానితేనే ఫిట్సు వస్తాయని ముందే చెప్పాంగా!"

వరాలమ్మ ముందుకొచ్చింది. "మాత్రలేశానండి. ఇందాకే, నేనే ఏశాను."

డప్పులు ఆగాయి. "నీ చేను మాత్రం మెరకలో ఉందేటే వరాలూ?" అన్నారెవరో. ఆమె చేనూ పల్లంలోనే ఉంది.

"ఎన్నేశావే?" అన్నాడు సూరప్ప.

"రెండు మావా."

సూరప్ప గొంతులో వేలు పెట్టుకుని రెండూ కక్కేశాడు. కాసేపటికి పడిపోయాడు. గట్టంతా కేకలు. వరాలమ్మ తాళంచెవుల గుత్తి అతని చేతిలో పెట్టబోయింది.

"ఇనుము పెట్టకమ్మా! ఫిట్సు ఆగిపోతే బాధ్యత ఎవరిది?" అని సూపర్నెంటు గుత్తి లాక్కున్నారు.

నీరు నిలబడింది. ఇంతకుముందెప్పుడూ లేనంత ఎత్తున, మెరుస్తూ నిలబడింది. జనం ఎగిరి గంతులేశారు. వరద తీశాక సూరప్ప కళ్లు తెరిచి భార్యను చూశాడు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు.

"ఈ ఊరేనండి," అంది వరాలమ్మ.

మర్నాడు పొద్దున ఊరు నాట్లకు పోయింది. వరాలమ్మా పోయింది. సూరప్ప ఎవరూ చెప్పకుండానే లాకుల దగ్గరికి వచ్చి, రెండు రాతి గోడల నడుమ తలుపు గాడిలోకి దిగి, చేతులు రెండు వైపులా ఆనించి నిలబడ్డాడు.