కత్తివీరుడి తమ్ముడు

ఆ ఆదివారం పొద్దున్నే వెంకటాచలం మాస్టారు గొంతుకు మిరియాల పాలు పట్టించారు. సాయంత్రం, పోర్ట్‌బ్లెయిర్‌కు ఎదుటి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ బడి మైదానంలో కత్తియుద్ధాల ఇంగ్లీషు సినిమా. ఏదో పాత ఫ్రెంచి నవలను తీశారట. ఇంగ్లీషు రాని జాలర్లకు ఆయనే మైకులో తెలుగు చెప్పాలి. ఆ నవల ఆయన చదవలేదు, సినిమా చూడలేదు. అయినా, "ఒక్కడికి అర్థం కాకపోయినా నేను మాస్టార్నే కాదు," అని భార్య భారతీదేవి దగ్గర శపథం చేశారు.

ఫెర్రీ దిగేటప్పుడు రీళ్ల డబ్బాలు తారుమారయ్యాయి. ఆ సంగతి సినిమా వెంట వచ్చిన హిందీ ఆపరేటరుకు కూడా తెలియదు.

మొదట వేసిన రీల్లో హీరో దుర్మార్గుడైన దొరను మెట్ల మీద పొడిచి చంపి, రాణిని పెళ్లాడాడు. జనం ఈలలు వేశారు. తరువాతి రీల్లో ఆ దొర తాపీగా కోడి కాలు కొరుకుతూ కనిపించాడు.

"మాస్టారూ, సచ్చినోడు కోడి తింతన్నాడేటి?" అని పడవల యర్రయ్య కేకేశాడు.

మాస్టారు మైకు దగ్గరకు లాక్కున్నారు. శపథం గుర్తొచ్చింది. "వాడు తమ్ముడు! కవలలు!"

ఇంతలో హీరో వచ్చి, పెళ్లాడిన రాణినే పేరేమిటని అడిగాడు. "ఇతను హీరో తమ్ముడు. వీళ్లూ కవలలే," అన్నారు మాస్టారు, ఈసారి ఎవరూ అడక్కముందే.

చేపలమ్మే గురమ్మ లేచి నిలబడింది. "మరి రాణీకి తన మొగుడెవడో ఎలాగ తెలుస్తాది బాబూ?"

"పుట్టుమచ్చను బట్టి."

"ఏదీ, కనపడదే?"

"చొక్కా లోపల ఉందమ్మా."

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అప్పుడే ఆపరేటరు బొమ్మ ఆపి లేచాడు. "భయ్యా, దీదీ, గల్తీ అయిపోయింది. రీళ్లు ఉల్టా వేసేశాను. మళ్లీ సరిగ్గా చూపిస్తా."

చూపించాడు. దొర ముందు కోడి తిని, తరువాతే చచ్చాడు. హీరో ముందు పేరడిగి, తరువాతే పెళ్లాడాడు. అంతా అయ్యాక గురమ్మ నడుం బిగించింది.

"తమ్ముళ్లేరీ?"

"ఏ తమ్ముళ్లు దీదీ?"

"మాస్టారు సెప్పినోళ్లు! ఇద్దర్నీ కోసి దాచేసినావు!"

జనం మిషను చుట్టూ మూగి డబ్బాలు లాక్కున్నారు. తమ్ముళ్లను చూపిస్తేగాని కదలనివ్వమన్నారు. రేవులో ఆఖరి ఫెర్రీ కూత వేసింది. ఆపరేటరు ఏడుపు మొహం పెట్టాడు. మాస్టారు ఇక లాభం లేదని పళ్లు బిగించి మైకు అందుకున్నారు.

"తమ్ముళ్లు లేరు! కథ తెలియక నేనే కల్పించాను. తప్పు నాది. అతన్ని వదిలెయ్యండి!"

యర్రయ్య తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

"ఎంత మంచోరండీ! పరాయోడి నౌకరీ పోకూడదని నింద తనమీదేసుకుంతన్నారు."

మాస్టారి మొహం చూసి ఆపరేటరును వదిలేశారు గాని, తమ్ముళ్లను వదల్లేదు. కవల తమ్ముళ్లిద్దరినీ వెంటనే తిరిగి ఇప్పించవలసిందిగా సోమవారం ఊరంతా పోర్ట్‌బ్లెయిర్‌ అధికారులకు అర్జీ పెట్టింది. ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవారు మరొకరు లేరు గనుక దాన్ని మాస్టారే రాశారు.