రివ్యూ చదవనిదే రిసార్టుకు పోరాదు

పిల్లల్ని థీమ్ పార్కుకి తీసుకెళ్లడం ఏ తండ్రైనా చేయగలడు. ఆ పార్కు పక్కన ఏ రిసార్టులో దిగాలో తేల్చకుండా వేసవి సెలవులన్నీ గడిపేయడం మాత్రం అందరికీ చేతనయ్యే పని కాదు. నాకు చేతనైంది. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుందని మనవి.

ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసే హోటల్ రివ్యూలను చాలామంది తిట్టుకుంటారు. ఒకడు స్వర్గం అంటాడు, ఇంకొకడు నరకం అంటాడు, మనిషి ఎవర్ని నమ్మాలి అంటారు. నేనంటాను, అంతకన్నా వరం ఇంకేముంది? మా నాన్న కాలంలో హోటల్ గదిలో దోమలున్నాయని తెలియాలంటే అంతదూరం వెళ్లి, డబ్బిచ్చి, కుట్టించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో, ఖరిదాలోని మా ఇంట్లో, సొంత మంచం మీద పడుకుని ఆ బాధంతా అనుభవించవచ్చు. ఇది ప్రగతి కాకపోతే మరేమిటి?

సంగతి మొదటి నుంచీ చెబుతాను. నా పేరు గిరిబాబు. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఇంజినీరుని. రిపేరుకి వచ్చిన బోగీల్లో ఎక్కడ పగులుందో వెతకడం నా ఉద్యోగం. ఇంట్లో నా భార్య మీనాకుమారి, ఎనిమిదో తరగతి చదివే కూతురు మనస్విని, మా అమ్మ అప్పలనర్సమ్మ ఉంటారు. రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో ఒక పెద్ద థీమ్ పార్కు ఉంది. ఈ సెలవుల్లో అక్కడికి తీసుకెళ్లమని మనస్విని అడిగింది. వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకోవడంలో నేనెప్పుడూ ఆలస్యం చేయను.

పార్కు చుట్టూ బోలెడు రిసార్టులు. మనస్విని మొదటిదాన్ని చూడగానే "ఇది బాగుంది నాన్నా" అంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు? నేను రివ్యూలు తెరిచాను. అక్కడ తువ్వాళ్లు వాసనేస్తున్నాయని ఎవరో రాశారు. కొట్టేశాం. రెండో రిసార్టులో పొద్దుటి ఇడ్లీ గట్టిగా ఉంటుందట. కొట్టేశాం. మూడోది చాలా ప్రశాంతంగా ఉంటుందట. థీమ్ పార్కు పక్కన హోటల్ ప్రశాంతంగా ఎందుకుంటుంది, జనం ఎందుకు రావడం లేదు? కొట్టేశాం. నాలుగోదాన్ని ప్రతి ఒక్కరూ మెచ్చుకున్నారు. అంత ఐకమత్యం ఓనరు చుట్టాలకి తప్ప ఎవరికుంటుంది?

ఈ క్రమంలో నాకొక గురువు కూడా దొరికాడు. ఇండోర్ నుంచి రివ్యూలు రాసే ఒక పెద్దమనిషి. ఆయన ఎక్కడ దిగినా సుఖపడడు. ఒకచోట షవర్‌లో నీళ్లు ధారగా రావు, ఇంకొకచోట దిండు ఎత్తు, మరొకచోట పనీర్ తిని కడుపునొప్పి. ఆయన కష్టాలను నేను రోజూ భోజనాల దగ్గర మా వాళ్లకి చదివి వినిపించేవాణ్ని. కుటుంబమంతా ఒకచోట కూర్చుని ఒక పరాయి మనిషి కోసం బాధపడటం ఈ రోజుల్లో ఏ ఇంట్లో జరుగుతోంది చెప్పండి? ఒకరోజు మా అమ్మ పెరుగన్నం కలుపుకుంటూ, "ఆ బాబుకి కడుపునొప్పి తగ్గినాదేట్రా?" అని అడిగింది కూడా.

అన్నట్టు, అమ్మ బాధ్యత పూర్తిగా నేనే తీసుకున్నాను. ఆమెకి మోకాళ్ల నొప్పులు, కాబట్టి గది కింది అంతస్తులో ఉండాలి. బాత్‌రూమ్ నేల జారకూడదు. ఆసుపత్రి దగ్గర్లో ఉండాలి. కిటికీలోంచి రైడ్ల మీద జనం వేసే కేకలు వినిపించకూడదు. బాగున్న రిసార్టులు కొన్ని ఈ లెక్కన కూడా పోయాయి. "అమ్మకి పడదు" అనేవాణ్ని. అమ్మ మూల కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉండేది. కాదనలేదు కాబట్టి ఔనన్నట్టే అనుకున్నాను.

మా పక్కింటి తీతు బెంగాలీ. నా అవస్థ చూసి, "దాదా, దీఘా చొలే జాన్" అన్నాడు, అంటే దీఘా వెళ్లిపోండని. అతను ఏటేటా దీఘా సముద్రానికే వెళ్తాడు, ఒకే హోటల్లో దిగుతాడు. ఆ హోటల్ రేటింగ్ ఎంతని అడిగాను. రేటింగ్ సంగతి అటుంచండి, అతనికి హోటల్ పేరే తెలియదు. నీలం గేటు ఉంటుందట, అంతే. ఇలాంటివాళ్ల వల్లే దేశం వెనకబడిందని జాలిపడ్డాను. వారం తిరగకుండా తీతు అక్కడికి వెళ్లి, ఎండకి ముక్కు మీద తోలు ఊడి, మహా సంతోషంగా తిరిగొచ్చాడు. పోల్చి చూసుకోవడానికి ఇంకో హోటల్ తెలియనివాడు సంతోషంగా ఉండక ఏం చేస్తాడు?

బడులు తెరిచే రోజు దగ్గరపడింది. నేను మాత్రం నిబ్బరంగా ఉన్నాను. ఒక సాయంత్రం ఒక రిసార్టులో గోడ మీద బల్లి కనిపించిన వైనం చదివి వినిపిస్తున్నాను. మా ఇంటి గోడ మీద కూడా ఒకటి కూర్చుని వింటోంది. మీనాకుమారి టీ పొయ్యి మీద పెట్టి, తన ఫోన్ తీసింది. టీ పొంగేలోపు గది బుక్ చేసేసింది. చూస్తే ఏమిటది? మనస్విని మొట్టమొదట బాగుందన్న, తువ్వాళ్లు వాసనేసే రిసార్టు!

పైగా అది కేన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి రాని బుకింగ్. ఆ మాట చెబితే మీనాకుమారి కప్పుల్లో టీ వడకడుతూ, "కేన్సిల్ సేసుకోడానికి బుక్ సెయ్యనేదండి. ఎల్డానికి సేసినాను" అంది.

సిద్ధాంతం అంటూ ఒకటి ఉన్న మనిషి అలాంటప్పుడు ఏం చేయాలి? వర్క్‌షాపులో సెలవు దొరకలేదని చెప్పాను. నిజానికి సెలవు ఎప్పుడో మంజూరైంది. నేను లేకుండా వాళ్లు కదలరని నా నమ్మకం. వాళ్లు కదిలారు. రైలు కదులుతుంటే మనస్విని చెయ్యి ఊపింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని అప్పటికే జంతికల డబ్బా తెరిచింది.

ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది. ప్రశాంతత మీద నాకున్న అనుమానం నిజమేనని అప్పుడు తెలిసింది. అన్నం మాడ్చుకున్నాను. తువ్వాలు ఉతకడం మరిచిపోయాను, అది వాసనేసింది. ఫిర్యాదు చేద్దామంటే రిసెప్షన్ లేదు.

మర్నాడు మనస్విని ఒక వీడియో పంపింది. కొండంత ఎత్తు నుంచి ఒక పడవ జారి, కింద నీళ్లలో ధబేలున పడుతోంది. ముందు వరసలో మా అమ్మ. కొంగు నడుముకి బిగించింది, జుట్టు ముడి ఊడిపోయింది, నోరు ఇంత తెరిచి కేక పెడుతోంది. వెంటనే ఫోన్ చేసి, అమ్మని అక్కడికి ఎవరు ఎక్కించారని మీనాకుమారిని నిలదీశాను. ఎక్కించడం కాదు, దింపడమే కష్టంగా ఉందని చెప్పింది. మళ్లీ ఎక్కడానికి వరసలో నిలబడిందట. మోకాళ్ల సంగతేమిటన్నాను. ఆ మాట మోకాళ్లని అడగాలంది.

తిరిగొచ్చాక అమ్మకి కాళ్లు వాచాయి. కొబ్బరినూనె రాస్తూ, ఇప్పుడైనా నాకు మాట్లాడే హక్కు వచ్చిందనుకుని, ఈ వయసులో ఇదేం పనమ్మా అన్నాను.

అమ్మ కోప్పడలేదు. నేను పుట్టిన కొత్తలో ఈ ఊళ్లో ఎగ్జిబిషన్ పెట్టారట. జెయింట్ వీల్ వచ్చిందట. నాన్న, ఆయన స్నేహితులు అందరూ ఎక్కారట.

"నువ్వు సంకలో ఉన్నావు. నిన్నెవరికిచ్చి ఎక్కుతాను?" అంది. "మళ్లా ఏటేటా అనుకోడమే. ఈ ఏడు పార్కంటే నాను సంబరపడిపోనాను. నువ్వేమో ఊళ్లోవోళ్లందర్నీ అడిగినావు గాని, నాకేటి కావాలో నన్ను అడగనేదురా."

పాఠకులారా, ఇంత సూటి రివ్యూ నేను ఈ వేసవిలో మరొకటి చదవలేదు. జవాబు రాసే చోటు కూడా కనబడలేదు. రెండో కాలికి నూనె రాయడం మొదలుపెట్టాను.

అప్పుడు అమ్మే అంది, "వచ్చే ఏడు నువ్వూ రారా. రెండోసారి ఎక్కినప్పుడు మీనా, పిల్లా వెనకాల కూకున్నారు. పడవలో నా పక్క సీటు ఖాళీగా ఉండిపోనాది."

ఆ సీటుకి బెల్టు గట్టిగా ఉందా అని అడగబోయాను. నోట్లోనే ఆపుకుని, వస్తానన్నాను.