ఆపని బండి

కారణం లేకుండా బండిని ఆపే అధికారం పోలీసులకు లేదని చట్టం తేల్చి చెప్పిన నాటి నుంచి, కారణం లేకుండా ఆగిపోయిన బండిని వదిలే అధికారం కూడా వాళ్లకు లేకుండా పోయింది. ఆపితేనే కదా వదలడం! ఈ సంగతి చౌరస్తాలో బోర్డు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెట్టారు.

మోటార్లకు వైండింగ్ చేసే బొల్లం ఐలయ్య ఆ బోర్డు ముందు స్కూటర్ ఆపేసరికి ఉదయం ఎనిమిదీ పది. వెనక కూతురు నవనీత. తొమ్మిదింటికి ఆమెకు ఇంటర్ ఫిజిక్స్ పరీక్ష. నిమిషం ఆలస్యమైనా గేటులోకి రానివ్వరు. హెడ్ కానిస్టేబుల్ దామోదర్ లైసెన్సు చూశాడు, ఆర్సీ చూశాడు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం చూశాడు. ఇద్దరి నెత్తినా హెల్మెట్లున్నాయి. అతని ముఖం పాలిపోయింది.

“ఒక్క తప్పు కూడా లేదా?”

“లేదు సార్.”

“అయితే నేను నిన్ను ఆపలే. చెమట తుడుచుకుందామని చెయ్యెత్తిన. నువ్వే ఆగినవ్.”

“మరి పోవాల్నా సార్?”

“ఆపనోణ్ణి ఎట్ల పొమ్మంట? పొమ్మంటే ఎందుకు ఆపిన్నో రిజిస్టర్ల రాయాలె. దొంగ కారణం రాస్తే నా నౌకరి పోతది. నేను పొమ్మనకుంట నువ్వు పోతే నీ బండి పోతది.”

పక్కనే ఇలాంటివాళ్ల కోసం వేసిన రేకుల షెడ్డులో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. అందరూ వంక పెట్టలేని మనుషులే. వారిలో ఒక రిటైర్డ్ తహసీల్దారు కార్తీకం నుంచి అక్కడే ఉంటున్నాడు. ఈ మధ్యే ఓటు కూడా షెడ్డు చిరునామాకు మార్పించుకున్నాడు.

“ముప్పై ఏండ్ల సర్వీసుల ఒక్క రిమార్కు లేదు నాకు,” అన్నాడాయన. “ఇప్పుడు తప్పు చేస్తనా? కూసో, అలవాటైతది.”

ఐలయ్య కూర్చోకుండా మళ్లీ దామోదర్ దగ్గరికే నడిచాడు.

ఎనిమిదీ ముప్పై అయింది. నవనీత చేతిలో హాల్ టికెట్ చెమటకు మెత్తబడింది. ఐలయ్య దండం పెట్టాడు. దామోదర్ ఎదురు దండం పెట్టాడు. అతనికీ ఇంటర్ చదివే కూతురుంది.

“చిన్నదైనా సరే అన్నా, ఒక్క తప్పు చూపెట్టు,” అని అతనే బతిమాలాడు.

నవనీత దిగి, రోడ్డు వార నుంచి రాయి తెచ్చి, స్కూటర్ వెనక లైటు పగలగొట్టింది. దామోదర్‌కు ప్రాణం లేచి వచ్చింది. బండిని పదడుగులు వెనక్కి నెట్టించి మళ్లీ రమ్మన్నాడు. ఈసారి నిజంగా ఆపాడు, చలానా రాశాడు, వదిలాడు. ఇంకో నిమిషంలో మూస్తారనగా నవనీత పరీక్ష గేటు దాటింది.

సాయంత్రం ఐలయ్య లైటు బాగు చేయించబోతే భార్య లచ్చవ్వ అడ్డుపడింది.

“ఉండనియ్. పసిపిల్లకు దిష్టిచుక్క పెడ్తలేమా? బండికి గూడ ఒకటి ఉండాలె.”

అది ఐలయ్యకు న్యాయంగానే తోచింది. పరీక్ష ఎట్లా రాశావని కూతుర్ని అడిగాడు.

“అన్నీ వచ్చినయ్ నాయినా. మల్లొకసారి చూసుకుంటే ఒక్క తప్పు లేదు. భయమైంది. లాస్టుకు ఒక జవాబు అడ్డంగ గీత పెట్టి కొట్టేసిన.”

ఐలయ్య ఆమె తల నిమిరి, మంచి పని చేశావన్నాడు.