రోస్కాలో ఎనిమిదో బొమ్మ

జనవరి ఆరో తేదీ పొద్దున ఎవేలియో వేసుకున్న పథకం చాలా చిన్నది. పెళ్ళాం మాట కాదనకుండా వీధి చివరి పిల్లల బడికి వెళ్ళాలి. ముగ్గురు రాజుల పండుగని అక్కడ కోసే రోస్కా రొట్టె ఒక ముక్క తినాలి. బడిలో ఏదో ఒక వంక కనిపెట్టాలి. ఫుట్‌బాల్ ఆట మొదలయ్యేలోగా ఇంటికొచ్చి సోఫాలో పడాలి. వంక దొరకదేమో అన్న బెంగ అతనికి లేదు. అత్తగారి వంటలో పూటకొకటి కనిపెట్టే మనిషి.

మూడేళ్ళ కూతురు రెనాతాని ఎక్కడ చేర్చాలన్నది ఆ ఇంట్లో క్రిస్మస్‌కి ముందు నుంచీ నలుగుతున్న తగువు. పెళ్ళాం నొయెమీకి వీధి చివరి బడే కావాలి. మెక్సికోలోని పుయెబ్లా ఊళ్ళో ఆ కాలనీ వాళ్ళు తలో చెయ్యీ వేసి నడుపుకుంటున్న బడి అది. రంగు వెలిసిన ప్రహరీ, లోపల రెండు గదులు, ఆ రెండు గదులంత వంటిల్లు. మందుల షాపులో ఆమెకి పొద్దుటి పూట ఉద్యోగం ఖాయమైంది. పిల్ల బడి నడిచి వెళ్ళే దూరంలో ఉంటేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది. ఎవేలియో మనసు మాత్రం ఊరికి అవతల కొండమీద ఉన్న, ఈతకొలను కట్టిన బడి మీద ఉంది. అతను పనిచేసే పరుపుల షాపు యజమాని మనవడు చదివేది అక్కడే.

"మూడేళ్ళ పిల్లకి ఈతకొలను దేనికి?" రెనాతా జడ వేస్తూ అడిగింది నొయెమీ.

"దేనికంటావేంటి, ఈతకి."

"తలమీద చెంబెడు నీళ్ళు పోస్తే వీధంతా వినపడేలా ఏడుస్తుంది ఇది. అక్కడికెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. దీన్నెప్పుడు దింపను, షాపెప్పుడు తెరవను?"

"సరేలే, చూద్దాం అన్నాగా."

"చూసేది నువ్వు కాదు, వాళ్ళు. ఒక్క సీటే మిగిలిందంట. ఆ ఒబ్దూలియా టీచరమ్మ పిల్లల్ని చూడదు, అమ్మానాన్నల్ని చూసి సీటిస్తుంది. అక్కడ కాస్త నోరు అదుపులో పెట్టుకో."

"అసలు తెరవనే తెరవను, పో."

ఎవేలియో తన జీవితంలో ఇచ్చిన మాట అంత కచ్చితంగా నిలబెట్టుకున్న సందర్భం ఇంకొకటి లేదు.

బడి ముంగిట్లో బల్లలన్నీ ఒక వరసలో కలిపి, వాటి మీద ఆ చివర నుంచి ఈ చివరదాకా రోస్కా పరిచారు. పైన పంచదార, ఎర్రగా పచ్చగా పండ్ల ముక్కలు. పక్కనే కుండలో చాక్లెట్ పొగలు కక్కుతోంది. ఇప్పటికే పిల్లలున్నవాళ్ళు, కొత్తగా చేర్చాలని వచ్చినవాళ్ళు, వాళ్ళ ముసలివాళ్ళు, అందరూ కత్తి కోసం నిలబడ్డారు. ఎవరి ముక్క వాళ్ళే కోసుకోవాలి. ఆ రొట్టె పొట్టలో అక్కడక్కడ చిన్న చిన్న పసిబిడ్డ బొమ్మలు దాగి ఉంటాయి. ఎవరి ముక్కలో బొమ్మ తగిలితే వాళ్ళు ఫిబ్రవరి రెండున కాండెలారియా పండుగకి అక్కడున్న అందరికీ తమాలెలు పెట్టాలి. మొక్కజొన్న పిండి రుబ్బి, పొత్తుల ఆకుల్లో చుట్టి, ఆవిరిమీద ఉడికించి, జనం పొట్ట నిండేదాకా వడ్డించాలి. ఇది ఎవరో రాసిపెట్టిన చట్టం కాదు, అందుకే దీన్నుంచి ఎవరూ తప్పించుకోలేరు.

ఎవేలియో ఆచితూచి సన్నటి ముక్క కోసుకున్నాడు. రెండోసారి కొరికేసరికి పంటికింద ఠక్కుమంది.

అతను నమలడం ఆపి ముంగిలి నలువైపులా చూశాడు. ఎటు చూసినా నోళ్ళే. తమాలెలు పెట్టాలంటే మళ్ళీ ఇక్కడికి రావాలి. వచ్చి ఇంతమందికి వడ్డించాక పిల్లని వేరే బడిలో వేస్తామని ఏ మొహంతో చెప్పడం. ఈతకొలను సంగతి అక్కడితో సరి. అతను బొమ్మని నాలుకతో మెల్లగా తోసి కుడి బుగ్గలో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒబ్దూలియా టీచరమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె చూపుకి పిల్లలే కాదు, వాళ్ళ తాతలు కూడా చేతులు కట్టుకుంటారు.

"రెనాతా నాన్న మీరేనా? మా బడి మీ అమ్మాయికి ఏం నేర్పాలని మీ కోరిక?"

ఎవేలియో ఆకాశంకేసి చూశాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, తల నిదానంగా వంచి, "మ్..." అన్నాడు.

టీచరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "పొద్దుట్నుంచీ ప్రతి తండ్రీ నాకు పాఠం చెప్పి వెళ్ళాడు. ఒకాయన కంప్యూటర్ నేర్పమంటాడు, ఇంకొకాయన చైనా భాష నేర్పమంటాడు. నేను చెప్పేది వినడానికి నిలబడ్డ మనిషిని ఇప్పుడే చూస్తున్నాను."

నొయెమీకి అనుమానం వచ్చింది. తన మొగుడు వినేరకం కాదని ఆమెకి తెలుసు. "ఏమైంది నీకు?" అంది మోచేత్తో పొడిచి. ఎవేలియో బుగ్గ చూపించాడు. అది ఉబ్బి ఉంది. కుదిరిన మంచి అభిప్రాయం ఎక్కడ చెదురుతుందోనని నొయెమీ తనే చెప్పేసింది. "పాపం, పన్ను నొప్పి టీచరమ్మా. నొప్పితోనే వచ్చాడు, ఈ బడి చూడాలని."

"అయ్యో. డాక్టర్ వెన్సెస్లావ్, ఇలా రండి."

కవలపిల్లల తండ్రి వెన్సెస్లావ్ ఆ వీధిలోనే పళ్ళ డాక్టరు. చాక్లెట్ కప్పు పక్కన పెట్టి వచ్చాడు. "ఏదీ, నోరు తెరవండి."

"మ్మ్మ్."

"చూస్తానంతే, పీకను."

"మ్మ్మ్."

"మీలాంటి వాళ్ళని రోజూ చూస్తా. మీకన్నా నా కవలలు నయం." అతను బుగ్గని బయటినుంచే రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. అతని కనుబొమలు పైకి లేచాయి. "ఇంత గట్టి వాపు నా సర్వీసులో చూళ్ళేదు. జ్ఞానదంతం అడ్డం తిరిగింది. పెద్దదే."

వంటింటి పెత్తనం చేసే ముసలామె దోన్యా తోమాసా గుప్పెడు లవంగాలు పట్టుకొచ్చింది. "పంటికింద పెట్టుకో నాయనా. మా ఆయనకి నలభై ఏళ్ళు ఇదే వైద్యం. ఒక్క పన్ను పీకించలేదు, అన్నీ వాటంతటవే ఊడాయి." ఎవేలియో పెదవుల సందున ఒక లవంగం దూర్చుకుని, మంట కళ్ళలోకెక్కి, కడుక్కునే చోటు ఎక్కడని అడగడానికి చెయ్యెత్తాడు.

అదే నిమిషాన బల్ల చివర ఒబ్దూలియా టీచరమ్మ, "మన ప్రహరీకి రంగెయ్యడానికి ఈసారి ఎవరు ముందుకొస్తారు?" అని అడుగుతోంది.

చప్పట్లు మోగాయి. "నొప్పితో కూడా చెయ్యెత్తాడమ్మా," అన్నారెవరో. నొయెమీ నోరెళ్ళబెట్టింది. పెళ్ళైన దగ్గర్నుంచి ఇంట్లో స్నానాలగదికి రంగెయ్యమని అడుగుతున్న మనిషి ఆమె.

రోస్కా అయిపోయింది. బల్లమీద పంచదార పలుకులు మిగిలాయి. టీచరమ్మ చేతులు దులుపుకుని అడిగింది. "సరే, బొమ్మలెవరికి తగిలాయో చెప్పండి. చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"సిగ్గుపడకండి. ఇంత రొట్టెలో ఒక్కటైనా లేకుండా ఉంటుందా?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ రొట్టె చేసిన దోన్ ఫెర్మిన్‌కి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. "ఎనిమిది పెట్టానమ్మా," అన్నాడతను. "నా చేత్తో పెట్టాను. పింగాణీవి. ప్లాస్టిక్ బొమ్మలు పెట్టే బేకరీ కాదు నాది."

టీచరమ్మ ఫోన్ పెట్టేసింది. ఎనిమిది బొమ్మలు పెద్దవాళ్ళకి తగల్లేదంటే, మిగిలింది పిల్లలే. అంతలో ఉరియెల్ అనే చిన్నకుర్రాడు గట్టిగా దగ్గాడు.

"వీడు రెండు ముక్కలు తిన్నాడు," అంది వాడి తల్లి యెసేనియా. ఆమె మొహం పాలిపోయింది. "టీచరమ్మా, వీడు దేన్నీ నమలడు. మొన్న బొత్తాం మింగాడు."

పిల్లలందర్నీ గోడవారన నిలబెట్టి నోళ్ళు తెరిపించారు. వెన్సెస్లావ్ ఒక్కో నోట్లోకీ తొంగి చూస్తూ వెళ్ళాడు. ఉరియెల్ దగ్గుతూనే ఉన్నాడు. యెసేనియా వాణ్ణి ఎత్తుకుని ఏడుపు మొదలుపెట్టింది. "రెడ్‌క్రాస్ ఆసుపత్రి రెండు వీధుల అవతలే ఉంది, పదండి పదండి," అన్నారెవరో.

ఎవేలియో వంకలు వెతికే మనిషేగాని చెడ్డవాడు కాదు. ఏడుస్తున్న ఆ తల్లివైపు ఒక అడుగు వేశాడు. ఇంక దాచేది లేదు, బయటికి ఉమ్మేద్దామని గట్టిగా ఊపిరి పీల్చాడు. ఎర్రబడ్డ అతని మొహం చూసి దోన్యా తోమాసా నొప్పి ఎక్కువైందనుకుంది. "ఓర్చుకో నాయనా," అంటూ వీపుమీద ఒక్కటిచ్చింది. పిండి రుబ్బిన చెయ్యి అది. బొమ్మ గుటుక్కున లోపలికి పోయింది.

పొద్దుట్నుంచీ తెరవని నోరు అప్పుడు తెరిచాడు ఎవేలియో. "ఆ పిల్లాణ్ణి వదిలెయ్యండి. బొమ్మ మింగింది నేను."

అందరూ అతనివైపు తిరిగారు. ఒబ్దూలియా టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నొయెమీ, నీ మొగుడు ఎలాంటివాడమ్మా. ఆ తల్లి ఏడుపు చూడలేక తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు."

"కాదు టీచరమ్మా, నిజంగా నేనే. బుగ్గలో దాచాను."

"ఆ బుగ్గలో ఉన్నది జ్ఞానదంతం," అన్నాడు వెన్సెస్లావ్. "నేను స్వయంగా పట్టి చూశాను."

"ఇప్పుడు చూడండి, ఏముంది బుగ్గలో? ఏమీ లేదు."

"వాపు దిగింది," అంది దోన్యా తోమాసా తృప్తిగా. "లవంగం అంటే అదీ."

ఎవేలియో బుగ్గని వేలితో లాగి చూపించాడు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ నమ్మిన లోకం నిజం చెప్పిన పూట ఇలా ఎదురుతిరగడం అతనికి కొత్త. "అమ్మా, వినండి. తమాలెలు పెట్టాల్సొస్తుందని దాచాను. అసలు మా పిల్లని ఈ బడిలో వేసే ఉద్దేశమే నాకు లేదు. వంకలు వెతకడానికొచ్చాను. అడగండి మా ఆవిణ్ణి."

నొయెమీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ చేతుల మధ్య నుంచి మందుల షాపు మెల్లగా మూతపడటం ఆమెకి కనిపిస్తోంది.

"చూశారా," అంది టీచరమ్మ అందరివైపూ తిరిగి. "ఆ తల్లికి ధైర్యం చెప్పడానికి తన పరువు, తన బిడ్డ సీటు, అన్నీ వదులుకుంటున్నాడు. ఇలాంటి మనిషి ముందు మనమేం మనుషులం?"

ఆ ప్రశ్న ముంగిట్లో చాలామందికి తగిలింది. ముందు వెన్సెస్లావ్ గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి రుమాలు తీసి మడత విప్పాడు. అందులో చిన్న పింగాణీ బొమ్మ. "తర్వాత చెబ్దామనుకున్నాను," అన్నాడు ఎవరివైపూ చూడకుండా.

దోన్యా తోమాసా రవికెలోంచి ఒకటి తీసి బల్లమీద పెట్టింది. "ఈ వయసులో అంత పిండి నేనెక్కడ కలపను? ఏటా నాకే తగులుతోంది, దేవుడికి ఇంకెవరూ కనబడరేమో." ఒక తండ్రి టోపీ తీశాడు. ఒక తాత చేతికర్ర రబ్బరు తొడుగు ఊడదీశాడు. పసిబిడ్డ బండిలో దిండుకింద నుంచి ఇంకొకటి వచ్చింది. యెసేనియా ఏడుపు ఆపి, ఉరియెల్ కోటు జేబులో చెయ్యి పెట్టి ఒక బొమ్మ తీసింది. "ఇది నాది. వీడి జేబైతే ఎవరూ వెతకరని పెట్టాను. వీడు మింగింది వేరేది," అని మళ్ళీ ఏడవసాగింది.

"ఆరు," లెక్కపెట్టాడు వెన్సెస్లావ్.

ఒబ్దూలియా టీచరమ్మ కాసేపు ఆకాశంకేసి చూసింది. తర్వాత కొప్పులోంచి ఒక పిన్ను తీసింది, దాని వెనకే ఒక బొమ్మ తీసింది. "ఏడు," అంది పొడిగా.

ఎవరూ నవ్వలేదు. నవ్వే అర్హత ఉన్నవాళ్ళు అక్కడ తక్కువ.

ఎనిమిదోది ఎవేలియో కడుపులో ఉండాలి, కాకపోతే ఉరియెల్ కడుపులో ఉండాలి. ముంగిలి మొత్తం లేచి రెడ్‌క్రాస్‌కి నడిచింది. ముందు యెసేనియా, వెనక ఎవేలియో, ఆ వెనక, రాత్రి ముగ్గురు రాజులు తెచ్చిపెట్టారని ఇంట్లో ఇచ్చిన కొత్త ఆటవస్తువులు చంకల్లో పెట్టుకున్న పిల్లలు. చాక్లెట్ వృథా పోతుందని కుండ కూడా మోసుకొచ్చారు. పండుగ ఊరేగింపు అనుకుని దారిలో ఇద్దరు ముగ్గురు వచ్చి కలిశారు.

"ముందెవరికి తీయాలి?" అని అడిగింది ఎక్స్‌రే అమ్మాయి ఆ గుంపుని చూసి.

"నాకు," అన్నాడు ఎవేలియో. "ఏమీ లేదంటే అప్పుడు చూడండి ఆ పిల్లాణ్ణి."

ఫిల్మ్ వచ్చింది. వెలుతురుకి పట్టి చూస్తే ఎవేలియో పక్కటెముకల కింద, నడుముకి కాస్త పైన, తెల్లటి బొమ్మ తలకిందులుగా హాయిగా పడుకుని ఉంది.

యెసేనియా ముందు కొడుకుని ముద్దు పెట్టుకుంది, తర్వాత ఎవేలియోని పట్టుకుని ఏడ్చింది. ఉరియెల్‌కి గొంతులో పంచదార పొడి పట్టిందని, రెండు గుక్కల నీళ్ళతో తేలింది. పింగాణీ ఏ హానీ చెయ్యదని, దానంతటదే బయటికొస్తుందని డాక్టరు చెప్పాడు.

"వచ్చాక మాకు తిరిగివ్వక్కర్లేదు నాయనా," అంది దోన్యా తోమాసా. "ఫిల్మ్ మాత్రం ఇలా ఇవ్వు."

నొయెమీ టీచరమ్మ దగ్గరికి వెళ్ళి తల దించుకుంది. "ఇంక సీటు సంగతి అడిగే మొహం మాకు లేదు టీచరమ్మా. అతను చెప్పిందంతా నిజమే."

"తెలుస్తూనే ఉంది," అంది ఒబ్దూలియా. "బొమ్మ దాచినవాళ్ళం ఎనిమిదిమందిమి. పసివాడు దగ్గుతుంటే నోరు తెరిచినవాడు ఇతనొక్కడే. నేను తెరవలేదు, ఇంటికెళ్ళి నిద్రపోయే ముందు అది ఆలోచించుకోవాలి. సోమవారం పిల్లని తీసుకురండి. గోడకి రంగెయ్యాలి కూడా, అది మర్చిపోకండి."

ఇంటిదారిలో ఎవేలియో పిల్లని ఎత్తుకుని, ఊరి అవతలి కొండవైపు చూస్తూ నడిచాడు. రెనాతా అతని భుజమ్మీద నిద్రపోయింది. ఆట ఎప్పుడో అయిపోయింది.

"ఏంటి ఆలోచన?" అంది నొయెమీ. "కొండమీది బడా?"

"అక్కడ నా కడుపు చూడ్డానికి ఇంతమంది నడిచొస్తారా?" అన్నాడు ఎవేలియో.

ఫిబ్రవరి రెండున ఎనిమిది ఇళ్ళవాళ్ళూ తమాలెలు తెచ్చారు. అంత తిండి ఆ బడి ఎన్నడూ చూడలేదు. అంతకుముందే, రెనాతా చేరిక నాడు, పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళని గేటు దగ్గర గుర్తుపట్టాలంటూ ఒబ్దూలియా టీచరమ్మ తల్లి ఫొటో ఒకటి అడిగి తీసుకుంది. తండ్రిది అడగలేదు, అది అప్పటికే బడి వంటింటి కిటికీ అద్దానికి అంటించి ఉంది, కడుపులో బొమ్మతో సహా.