మాణిక్యమ్మ గారి గోడ, మా మంచినీళ్లు

రేపల్లెలో మేం అద్దెకున్న ఇంటి గోడలంటే ఇల్లుగలావిడ మాణిక్యమ్మ గారికి కన్నబిడ్డలతో సమానం. ఒక్క మేకు కొట్టనిచ్చేవారు కాదు. మా క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది. గాలి గట్టిగా వీస్తే నెల మారిపోయేది. ఆవిడ పక్కవాటాలోనే ఉండేవారు. రెండు వంటిళ్లకూ మధ్య ఒకటే గోడ.

ఆ వేసవిలో మా అమ్మాయి పుష్పలతకు కామెర్లొచ్చాయి. నీళ్ల వల్లేనన్నారు డాక్టరు గారు. ఇక మీదట కాచి, వడకట్టి ఇమ్మన్నారు. పిల్ల కోలుకుంది గానీ మా ఆవిడ దేవకుమారి కోలుకోలేదు. పిల్ల గ్లాసు ఎత్తినప్పుడల్లా చేస్తున్న పని ఆపి దాని గొంతు వైపే చూసేది. ఆ చూపు భరించలేకే ఫిల్టరు కొందామన్నాను.

"స్టీలుది కొందామండి. కాచిన నీళ్లు పైన పోస్తే వడకట్టే కాండిల్స్‌లోంచి కిందకి దిగుతయ్."

"ఆ బొట్టు బొట్టు బిందె ఎవరిక్కావాలి? తెనాల్లో మీ అక్క వాళ్లింట్లో చూళ్లేదా, గోడకి కరెంటు ఫిల్టరు పెట్టె? మీట నొక్కితే లైటు వెలుగుద్ది, పాటొస్తది, నీళ్లొస్తయ్."

"పాటకి రేడియో ఉందిగా."

"సైన్సు మాష్టారి ఇల్లు కదా అని..."

"సైన్సు మీదే. గోడ ఎవరిది?"



కానీ ఆశ చావలేదు. ఒక శనివారం దేవకుమారి పిల్లను తెనాలి డాక్టరు గారికి మళ్లీ చూపించడానికి బయల్దేరింది. తోడుగా మాణిక్యమ్మ గారూ వెళ్లారు. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని, ఆ పెట్టెలు అమ్మే కోటేశ్వరరావుకు కబురు పెట్టాను. ఎండాకాలంలో కూడా మెడలో టై విప్పని మనిషి.

"నచ్చితేనే ఉంచుకోండి సార్. ముందు బిగించి చూపిస్తా."

బిగించాక పైన క్యాలెండరు కప్పేద్దామని నా ఉపాయం. మాణిక్యమ్మ గారు చూసినా, క్యాలెండరుకు కాస్త పొట్ట వచ్చిందనుకుంటారు.

డ్రిల్లు మిషను గీపెట్టింది. పాత గోడ. ఇటుక గట్టిదే గానీ, ఇటుకల మధ్య ఉన్నదంతా మట్టి. కోటేశ్వరరావు కాస్త బలంగా నొక్కాడో లేదో, మిషను పిడి దాకా లోపలికి దూసుకుపోయింది.

"సార్, గోడ అయిపోయింది" అన్నాడు.

మిషను వెనక్కి లాగితే చిల్లులోంచి వెలుతురు వచ్చింది. అంతలోనే ఆరిపోయింది. వంగి చూశాను. అవతల కన్ను!

"ప్రభుదాస్ మాష్టారూ, మా వంటింట్లోకి దోవ ఏస్తన్నారా? గుమ్మం తెరిచే ఉందిగా, ఇటు రాకపోయారా?"

మిషను రొదలో వాళ్లు తిరిగొచ్చిన అలికిడి కూడా నాకు తెలియలేదు. మరుక్షణం ముగ్గురూ మా వంటింట్లో ఉన్నారు. వేసవిలో, జబ్బుపడి లేచిన పిల్లతో ఇల్లు ఎక్కడ వెతుక్కోవాలా అనుకున్నాను.

"ఒక్కసారి దీని పని చూడండమ్మా" అంటూ కోటేశ్వరరావు గబగబా పెట్టె బిగించి, కుళాయికి గొట్టం తగిలించి మీట నొక్కాడు. లైటు వెలిగింది. పాట వచ్చింది. కుళాయి మాత్రం నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది. పాట మొత్తం అయిపోయింది. గ్లాసులో చుక్క పడలేదు.

పుష్ప పకపకా నవ్వింది. జబ్బు చేశాక అది అలా నవ్వడం అదే మొదలు. నన్ను తిట్టడానికి నోరు తెరిచిన దేవకుమారి పిల్లను చూసి అలాగే ఆగిపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, వెంట తెచ్చిన గోనెసంచి విప్పింది. లోపల స్టీలు ఫిల్టరు!

"మీరు అంత ముచ్చటపడుతున్నారని, మాణిక్యమ్మ పిన్నిగారిని ఈ పూట అక్క వాళ్లింటికి తీసుకెళ్లి ఆ పెట్టె చూపించానండి. గోడకి ఒప్పుకుంటారేమోనని."

"ఒప్పుకున్నాను కూడా" అన్నారు మాణిక్యమ్మ గారు. "పిల్ల ఆరోగ్యం కన్నా గోడ ఎక్కువా మాష్టారూ? కానీ కుళాయిలో నీళ్లొచ్చినంతసేపే అది పనిచేస్తదని మీ తోడల్లుడు జార్జి గారే చెప్పారు. మన కుళాయి సంగతి తెలిసిందేగా. అందుకని ఇది తెచ్చాం. అడిగుంటే నేనే చెప్పేదాన్నిగా!"

ఆవిడ తిట్టినా అంత సిగ్గేసేది కాదు. కోటేశ్వరరావు స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఉండు బాబూ, పాట ఇంకోసారి పెట్టు. పిల్ల నవ్వుద్ది" అన్నారు మాణిక్యమ్మ గారు.

మీట నొక్కాడు. కరెంటు పోయింది. పుష్ప మొహం చిన్నబోయింది. అందరూ నా వైపు చూశారు.

ఏం చేస్తాను? జుట్టు నిండా గోడ మట్టితో, ఆ పెట్టె పాట నేనే అందుకున్నాను. పుష్ప కన్నా ముందు దేవకుమారి నవ్వింది.