ఇరుగుపొరుగును తెచ్చిన కడుపునొప్పి

గుర్గావ్‌లో ఫ్లాట్ తీసుకునేవాడికి కార్ పార్కింగు, పవర్ బ్యాకప్పు ఉంటే చాలదండీ. ఒక చెడిపోయిన కడుపు కూడా ఉండాలి! నవ్వకండి. లక్ష్మీపతి సంగతి వింటే మీరే ఒప్పుకుంటారు.

మెట్రో ఇంకా గుర్గావ్ దాకా రాని రోజులవి. బెజవాడ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లక్ష్మీపతి. పొద్దున్నే ఆఫీసు క్యాబ్ ఎక్కితే చీకటిపడ్డాకే దిగడం. భార్య ఛాయాదేవి ఎనిమిదో అంతస్తులో టీవీతో కాపురం చేసేది. ఎదురు ఫ్లాట్ చద్దా ఆంటీ లిఫ్టులో ఎదురైతే, మీద వెలిగే అంకెల వంక చూసేదే తప్ప మనిషి వంక చూసేది కాదు.

అలాంటిది, ఒకనాడు క్యాబ్ ఎక్కబోతూ లక్ష్మీపతి పొట్ట పట్టుకుని వెనక్కి పరిగెత్తాడు. లిఫ్టేమో అంతస్తంతస్తుకీ ఆగుతోంది! చెమటలు కారిపోతున్నాయి.

"క్యా హువా, బేటా?" అంది పక్కనే ఉన్న చద్దా ఆంటీ.

"పేట్... ఆంటీ... పేట్!"

అంతే! సాయంత్రానికల్లా ఆ కడుపు టవర్లో అందరి ఉమ్మడి ఆస్తి అయిపోయింది. ఆంటీ సొరకాయ రసం తెచ్చింది. పై అంతస్తు ఘోష్ గారు అది ముట్టుకోవద్దని మారేడు షర్బత్ ఇచ్చారు. ఒకరు పాలు తాగమన్నారు, ఇంకొకరు పాల మొహం చూడొద్దన్నారు. గృహప్రవేశానికైనా ఇంతమంది వచ్చారా?

డాక్టరు మాత్రం చిన్న మాటతో తేల్చేశాడు. "ఐబీఎస్. అంటే పేగులు అలిగాయంతే. ప్రాణభయం లేదు. పాలు, గోధుమ, ఉల్లి, వెల్లుల్లి కొన్నాళ్లు ఆపండి. తర్వాత ఒక్కొక్కటే తిని, ఏది పడదో చూసుకోండి. వేళకి తినండి."

ఛాయాదేవి అక్షరాలా అదే చేసింది. మెత్తటి అన్నం, పలుచటి చారు, ఉడికించిన బీరకాయ. వచ్చిన రసాలన్నీ నవ్వుతూ పుచ్చుకుని సింకులో పోసేది. ఆంటీ మాత్రం రోజూ సోఫాలో కూర్చుని, లక్ష్మీపతి కడుపుతో మొదలుపెట్టి తన కోడలి దాకా వచ్చేది. ఛాయాదేవికి హిందీ కూడా వచ్చేసింది!

పాలూ గోధుమా పడవని తేలింది. అవి మానేశాక కడుపు కుదుటపడింది. ఒక ఆదివారం అశోకా రోడ్‌లోని తెలుగువాళ్ల క్యాంటీన్‌లో లక్ష్మీపతి ఉల్లిపాయల సాంబారుతో భోజనం లాగించి, హాయిగా తేన్చాడు.

"పూర్తిగా తగ్గిపోయిందోయ్! ఇక అందరికీ చెప్పేయొచ్చు!"

ఛాయాదేవి మాట మార్చి, చేతులు కడుక్కోమంది.

మర్నాడు క్యాబ్ దిగి వచ్చేసరికి, తెరిచిన తలుపులోంచి మాటలు వినిపించాయి. మీ ఆయన బాగైపోయాడటగా, ఇక నాతో ఏం పని అంటోంది ఆంటీ.

"కహాఁ ఠీక్ హై, ఆంటీ!" అంది ఛాయాదేవి దిగులుగా. నొప్పి తగ్గనే లేదట. రేపు తప్పకుండా రావాలట.

లక్ష్మీపతి గుమ్మం బయటే ఆగిపోయాడు. తనకు ఆఫీసుంది, క్యాబుంది, క్యాంటీనుంది. ఈ ఊళ్లో ఛాయాదేవితో మాట్లాడే మనిషి ఎవరని ఆలోచిస్తే ఒక్క పేరే తట్టింది.

బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "అమ్మో..." అని మూలుగుతూ లోపలికి నడిచాడు.