గడి ముందు ఒంటిచక్రం

గ్రామాభివృద్ధి మరింత వేగంగా సాగవలెనన్న సదుద్దేశంతో మా పంచాయతీ సమితి ఆఫీసు జవానుకు ఒంటిచక్రం సైకిలు మంజూరైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రెండో చక్రం ఏదని అడిగేవాళ్లు అభివృద్ధికి అడ్డుపడేవాళ్లు.

అది వచ్చిన తీరూ ముచ్చటైనదే. మంథనిలో డేరా వేసిన సర్కస్ వాళ్లు దాన్ని మా మురహరిరావు దొరకు నజరానాగా సమర్పించుకున్నారు. నిజాం రాజ్యంతో పాటే దొరతనమూ పోయింది కనుక ఆయన అప్పటికి సమితి అధ్యక్షుడు. తనకు వచ్చిన నజరానాను తానే ప్రజలకు దానం చేసి, సభ పెట్టి మాట్లాడాడు.

"ఎనుకట మా గడి ముంగట ఎవ్వడు సవారి చెయ్యకపోతుండె. దిగి, చెప్పులు చేతుల వట్టుకొని నడుస్తుండిరి. గిప్పుడు స్వరాజ్యం. ఎవలన్న, ఏ బండి మీదనన్న, దర్జాగ పోవచ్చు."

చప్పట్లు మిన్నుముట్టాయి. సభ ముగిశాక జనం చెప్పులు చేతబట్టుకుని, కోటలాంటి ఆ దొర ఇల్లు, గడి దాటి ఇళ్లకు వెళ్లారు.

జవాను పేరు హనుమండ్లు. తాత్కాలిక ఉద్యోగి. ఆ బండి తొక్కడం నేర్చుకుంటే పర్మనెంటు చేయిస్తానని బి.డి.ఓ. గారు మాట ఇచ్చారు. ఇంట్లో తల్లి కొమురవ్వ తప్ప ఎవరూ లేరు, ఆ జీతం తప్ప ఇద్దరికీ గంజి లేదు. అందుకని అతను శ్రద్ధగా పడటం మొదలుపెట్టాడు.

కుమ్మరివాళ్ల కుండల మీద పడితే సమితివారు దాన్ని కుటీర పరిశ్రమల తనిఖీగా రాసుకున్నారు. నాట్లు వేసే మడిలో పడటం వ్యవసాయ విస్తరణ అయింది. ఊరేగింపులో పెళ్లికొడుకు మీద పడి ముహూర్తం తప్పించినప్పుడు కుటుంబ నియంత్రణకు తోడ్పడ్డాడని మెచ్చుకున్నారు. బర్రె మీద పడినదాన్ని ఏ శాఖ కింద చూపాలో తెలియక పైకి రాశారు. జవాబు ఇంకా రావలసి ఉంది.

ఎక్కడ పడ్డా పడకపోయినా గడి ముందు మాత్రం తప్పకుండా పడేవాడు. అక్కడ బాట వాలుగా ఉంటుంది. బోర్లా పడితే తల సరిగ్గా దర్వాజా వైపే ఉండేది. దొర అరుగు మీద కూర్చుని ఆ మర్యాద చూసి మురిసేవాడు.

"సదువు లేకున్నా వానికి తమీజ్ ఉన్నది" అని బి.డి.ఓ. గారితో అన్నాడు కూడా.

కొమురవ్వ కొడుకు మోకాళ్లకు పసుపు పెడుతూ, "నౌకరి పక్కా అయ్యేదాంక జర ఓర్సుకో బిడ్డా" అనేది.

దురదృష్టవశాత్తు హనుమండ్లు నేర్చుకున్నాడు. ఒకనాటి పొద్దున నడుం నిటారుగా పెట్టి, చేతులు చాచి, పడకుండా గడి దాటి వెళ్లిపోయాడు.

దొర ఏమీ అనలేదు. ఆయన ప్రజాస్వామ్యవాది. ఊరే అన్నది. పంచాయతీ కూర్చోగానే పెద్దమనిషి బాలమల్లు లేచాడు.

"వీడు పడకుంట పోతే, ఇన్నేండ్ల సంది దిగి నడిసిన మేం పిసోళ్లమా?"

"నేర్సుకొమ్మంటెనే నేర్సుకున్న పటేలా" అన్నాడు హనుమండ్లు. ఆ మాటలో న్యాయం ఉంది కనుక ఎవరూ వినలేదు. ఉద్యోగం తీసేయాలనేవాళ్లు చేతులెత్తమని సర్పంచి అడిగితే అందరి చేతులూ లేచాయి.

కొమురవ్వ దొర కాళ్ల మీద పడింది. "మల్ల పడతడు దొరా. ఒక్క మోకా ఇయ్యుండ్రి."

అవకాశం ఇచ్చారు. గడి ముందు బి.డి.ఓ. గారు పర్మనెంటు ఉత్తర్వు పట్టుకుని నిలబడ్డారు. ఊరంతా కూడింది. హనుమండ్లు బండి మీద వచ్చాడు. పడబోయాడు, ఒళ్లు నిలదొక్కుకుంది. రాయి మీదికి ఎక్కించాడు, చక్రం దాటేసింది. కళ్లు మూసుకుని ఒక పక్కకు ఒరిగాడు, పాడు కాళ్లు వాటంతట అవే సర్దుకున్నాయి. వచ్చిన విద్య పొమ్మంటే పోతుందా? పాపం, ఏడుస్తూ దర్వాజా ముందే తిరగసాగాడు.

"పడుడు వస్తలేదే అవ్వా" అన్నాడు.

మా ఊరు చూస్తూ ఊరుకునే ఊరు కాదు. ఆపదలో ఉన్నవాణ్ణి ఆదుకోవడం మాకు తాతల నాటి ఆనవాయితీ. ముందుగా బాలమల్లు భుజం పట్టాడు. తర్వాత కులమూ పార్టీ చూడకుండా అందరూ చేతులు వేసి తోశారు. నుదురు గడి మెట్టుకు తగిలి పగిలింది. అతను లేవకముందే బి.డి.ఓ. గారు ఉత్తర్వు చేతిలో పెట్టారు. కొమురవ్వ ఏడ్చింది. సంతోషంతోనే అని నివేదికలో ఉంది.

ఆనాడు తోయడానికి చోటు దొరకనివాళ్లు, ముందుగా కబురు చేయలేదని సర్పంచి మీద ఇప్పటికీ అలిగి ఉన్నారు.